చెల్లెలి కాలికి సరిపోయే సీటు

రాసుకో కన్నూ. నేను చెప్పింది చెప్పినట్టే పెట్టకు, చదివేవాళ్లకు తెలిసేలా రాయి. మన ఇంటి మాట ఈ తుడియలూరు దాటితే ఎవరికి అర్థమవుతుంది? కానీ మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం దిద్దకు. మీ చిన్నవ్వ, అదే మా చెల్లెలు, దాని మాటను దిద్దావంటే నేను ఒప్పుకోను.

విమానం సీట్ల గురించి ఈ ముసలిది చెప్పడమేమిటని నవ్వేవాళ్లు నవ్వనీ. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. కోయంబత్తూరు విమానాశ్రయం గేటు దగ్గర మనుషులను దించి వచ్చానే తప్ప లోపల అడుగు పెట్టలేదు. అయినా దూరదేశాలకు పోయే విమానాల్లో, ముందువైపు పడుకుని పోయే సీట్లకూ వెనకవైపు ఇరుక్కుని పోయే సీట్లకూ నడుమ ఒక రకం ఉంటుంది చూడు, ప్రీమియం ఎకానమీ అంటారు, దాని గురించి నన్ను అడగమను. ఏ కంపెనీ సీటు వీపు ఎంత వాలుతుంది, చెయ్యి ఆనించుకునే కట్టె పైకి లేస్తుందా లేవదా, ముందు సీటు కింద పాదం దూరుతుందా దూరదా, అన్నీ చెప్తాను. ఇవన్నీ నాకు ఎందుకు తెలుసో కూడా చెప్తాను. చెప్పినందువల్ల ఏమీ మారదు. ఊరికే ఉండలేను, అందుకని చెప్తాను.

మా చెల్లెలూ నేనూ మదురై దగ్గర తిరుమంగళం అవతల, పత్తి పండే నల్లరేగడి ఊళ్లో పుట్టాం. బయట తమిళం, ఇంట్లో మన తెలుగు. ఇద్దరికీ రెండేళ్లు తేడా. కానీ పెరిగాక ఇద్దరిదీ ఒకే కొలత అయిపోయింది. ఎత్తు, భుజం, నడుము, ఆఖరికి పాదం కూడా. టైలరు నన్ను కొలిచి ఇద్దరికీ రవికలు కుట్టేవాడు. అది వచ్చి నిలబడడానికి కూడా బద్ధకించేది. "మా అక్కను కొలువు, సరిపోతాది" అని లోపల్నించే అరిచేది. నన్ను ఈ కోయంబత్తూరు వైపు ఇచ్చారు. మీ తాతది పంపుల కార్ఖానాలో ప్యాటర్ను పని. ఇనుము పోతపోసే ముందు మట్టిలో అచ్చు దిగాలి కదా, ఆ అచ్చుకు కావలసిన చెక్క బొమ్మను చేసే పని అది. చెల్లెల్ని మదురైలో నూలు మిల్లు మనిషికి ఇచ్చారు. మరిది పోయాక దాని కూతురు తనతోపాటు కెనడా తీసుకుపోయింది. కూతురు మంచిది. ఆ పిల్ల మీద నేను ఒక్క మాట అనను.

చెల్లెలికి అక్కడ తిండికి కొరత లేదు, బట్టకు కొరత లేదు. మాటకే కొరత. కూతురు పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తుంది. మనవళ్లది ఇంగ్లీషు. గుడికి పోతే అక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారట.

"ఉండారు అక్కా, నిండా ఉండారు" అని ఫోన్లో చెప్పింది. "నేను నోరు తెరిస్తే, మీరు తమిళమా అండీ అంటారు. సరి, తమిళమోళ్ల దగ్గరికి పోతామా, నీంగ తెలుంగా అంటారు. నేను యాడికి పోయి మాట్లాడేది చెప్పు?"

"నాతో మాట్లాడుతుండావు గదా."

"ఫోన్లో మాట్లాడేది మాటా? నువ్వు వంకాయ తరుగుతా మాట్లాడాల, నేను పక్కన కూకుని సాగదీయాల. అదీ మాట."

అట్లాంటి మనిషి ఒక చలికాలం బస్సు కోసం నిలబడి మంచు మీద జారి పడింది. కుడి మోకాలు విరిగింది. ప్లేటు వేశారు. అది చీము పట్టింది. మళ్లీ కోశారు. అన్నీ అయ్యేసరికి ఆ మోకాలు కొంచెమే వంగే మోకాలు అయిపోయింది. కుర్చీలో కూర్చుంటే పాదం ముందుకు చాచుకుని ఉండాల్సిందే. ఎంత పిసికినా, ఎంత వ్యాయామం చేయించినా అంతే. అప్పుడు మొదలుపెట్టింది.

"అక్కా, నేను ఆడికి వచ్చేస్తాను. నీ ఇంట్లో ఒక మూల. నాకు ఏమీ చెయ్యొద్దు. సుమ్మా, ఊరికే నీ పక్కన కూకుంటాను."

దాని కూతురు కూడా మాట్లాడింది. డాక్టరు ప్రయాణం చెయ్యవచ్చు అన్నాడట, కాలును మాత్రం బలవంతంగా మడవకూడదట. "వెనక సీట్లలో అమ్మ కూర్చోలేదు పెద్దమ్మా. ముందు పడుకునే సీటు మా వల్ల కాదు. నడుమ సీటు చూద్దాం. దింపి, ఒక వారం ఉండి నేను తిరిగి వస్తాను." ఆ ఒక్క మాటతో మన ఇంట్లో సీట్ల పురాణం మొదలైంది.

నువ్వే కదా కన్నూ లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నావు. అన్ని కంపెనీలూ చూసి, మూడు తేల్చావు. పేర్లు చెప్పకు, వాళ్లతో మనకెందుకు. ముందు సీటు వీపుకూ మన సీటు వీపుకూ మధ్య దూరం ఎంతో ప్రతి కంపెనీ వేసుకుంటుంది. మొదట్లో నేను అదంతా మోకాలికి దొరికే జాగా అనుకున్నాను. నువ్వు చెప్పావు, "కాదవ్వా, సీటు వీపు మందం కూడా ఆ లెక్కలోనే ఉంటుంది, అది తీసెయ్యాలి" అని. అదీకాక మూడు కంపెనీలూ ఇంచుమించు ఒకే నంబరు వేశాయి. ఎవరెవరో ప్రయాణం చేసినవాళ్లు పెట్టిన వీడియోలు చూస్తే మూడూ మూడు రకాలు. మొహం కనపడదు, ఒక అరచెయ్యి మాత్రం వచ్చి మోకాలికీ ముందు సీటుకూ నడుమ అడ్డం నిలబడుతుంది. మగవాళ్ల అరచేతులు, ఆడవాళ్ల అరచేతులు, మెహందీ పెట్టుకున్న ఒక అరచెయ్యి. ఎన్ని చూశామో. వాళ్లకు వంగే మోకాళ్లు. వాళ్లు బాగుంది, విశాలంగా ఉంది అంటే నేనేం నమ్మను?

మీ తాత ఈజీచైర్లో పడుకుని వింటున్నాడు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి లేచాడు.

"బొమ్మ చూసి ఎవరన్నా పంపు చేస్తారా? చెక్కతో చేసి చూడాల. ఆ అళవులు, కొలతలన్నీ చెప్పు పాపా నాకు."

"మామా, విమానం చేస్తారా ఏమి?" అన్నాను.

"విమానం ఎందుకే? సీటు చేస్తాను. నువ్వు కూకో. నీకు పట్టితే ఆమెకు పట్టినట్టే గదా."

అది ఆయనకు తోచడం చూసి నాకు నిజంగా ఆశ పుట్టింది. మా ఇద్దరి కొలత ఒకటేనన్నది నేనే మర్చిపోయాను, ఆయన మర్చిపోలేదు.

ఇప్పుడు మీ నాన్న నడిపే మన కార్ఖానాలో, వెనకవైపు ప్యాటర్ను గదిలో చేశాడు. మీ నాన్న కోప్పడ్డాడు, ఆర్డర్లు ఉన్నాయి, చోటు లేదు అని. అయినా మిగిలిన ప్లైవుడ్ తానే తెచ్చి ఇచ్చాడు. మీ తాత చూపు తగ్గింది, అయినా ఆయన చేతికి తెలుసు. తన పాత ఉక్కు స్కేలు తీసుకుని, నువ్వు చదివి చెప్తూ ఉంటే గీతలు గీశాడు. ఒక్కొక్క కంపెనీకి రెండు సీట్లు, మనది ఒకటి, ముందుది ఒకటి. ప్యాటర్నులకు పూసే రంగు మిగిలి ఉంటే పూశాడు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది, ఒకటి పసుపుది. అప్పట్నించి మన ఇంట్లో కంపెనీల పేర్లు అవే. ఎర్రది, నల్లది, పసుపుది.

ఇంక నేను కూర్చోవడం. చెల్లెలి కాలు ఎంత వంగుతుందో దాని కూతురు ఫోటో తీసి పంపింది. అంతకు మించి వంగకుండా నా కుడి కాలికి వెనకనుంచి ఒక చెక్క పెట్టి గుడ్డతో కట్టారు. మధ్యాహ్నం పని ఆపి అందరూ టీ తాగే వేళకు నన్ను సీట్లో ఎక్కించేవాళ్లు. టీ గ్లాసులు పట్టుకుని కార్ఖానా అంతా నిలబడి చూసేది.

ఫోన్ను వీడియోలో పెట్టి ముందు సీటుకు ఆనించేవాళ్లం. అక్కడ దానికి అప్పుడే తెల్లవారుతుండేది. తల దువ్వుకోకుండా వచ్చి కూర్చునేది.

"ఏమక్కా, విమానం ఎగిరిందా?"

"ఎగురుతుండాది. నీ బావ ఓట్టుతుండాడు." నడుపుతున్నాడని.

"అయ్యో, అప్పుడు నేను రాను సామీ. ఆయన సైకిల్ తొక్కితేనే కాలవలో దించినాడు ఒకసారి!"

"మరదలా, ఆ కాలవ కథ నాకు ఇంకా ఎన్నిసార్లు చెప్తావు?" అని మీ తాత వెనకనుంచి అరిచేవాడు.

"మీరు పోయేదాకా చెప్తాను బావా. ఆమ్యాల మీ కొడుక్కు చెప్తాను."

నవ్వేది. మంచు మీద పడ్డ తర్వాత అది అట్లా నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఎర్రది పనికిరాలేదు. దానికి వీపు వెనక ఒక గట్టి డొప్ప ఉంటుంది. వెనకవాళ్ల మీద పడకుండా మంచిదే. కానీ వాలడమంటే వెనక్కి పోవడం కాదు, కూర్చునే పలక ముందుకు జరగడం. వీపుకు సుఖం దొరికిన కొద్దీ మోకాలికి జాగా పోతుంది. చాచిన కాలుతో అందులో వాలితే నా ముంగాలు, మోకాలి కింద ముందు ఎముక, పోయి ముందు సీటు అంచుకు కొట్టుకుంది. నల్లదానికి పిక్కల కింద పైకి లేచే మెత్త ఉంటుంది. వీడియోల్లో అందరూ దాన్నే పొగిడారు. అది లేవనప్పుడు సీటు కింద మడుచుకుని ఉండి, కాలిని ముందుకు నెడుతుంది. మామూలు కాలికి తెలియదు. నా కట్టిన కాలికి తెలిసింది. మొదటి వరసలో గోడ ముందర సీటు అడుగుదామంటే, అక్కడ పాదం దూర్చుకోవడానికి ముందు సీటే లేదు, ఉన్నది గోడ. ఇంకొక సంగతి, ఈ తరగతిలో అన్నం బల్ల చెయ్యానించుకునే కట్టెలోనే పెట్టేస్తారు. అందుకని ఆ కట్టె పైకి లేవదు. పక్కనుంచి జరిగి కూర్చోవడం కుదరదు. ముందునుంచే దిగాలి. నేను ఒంటికాలి మీద గెంతుతూ దిగుతుంటే కార్ఖానాలో ఒక పెద్దాయన అన్నాడు, "అమ్మా, మీరు కబడ్డీకి పోయుండాల" అని.

పసుపుది సరిపోయింది. దాంట్లో డొప్ప లేదు, పిక్కల మెత్త లేదు. ముందు సీటుకు వేలాడే పాదపీట ఒకటుంది, దాన్ని మడిచేస్తే కింద ఖాళీ. నేను దిగి కూర్చున్నాను. కట్టిన కాలు జారి ముందు సీటు కింద దూరింది. ముంగాలికీ ఆ సీటు అంచుకూ మధ్య మీ తాత తన రెండు వేళ్లు పెట్టి ఆడించి చూపించాడు.

"చూసినావా మరదలా? రెండు వేళ్లు."

 ఫోన్లో దాని మొహం చాలాసేపు అట్లాగే నిలబడిపోయింది. నెట్ పోయిందేమో అనుకున్నాం. పోలేదు. ఏడుస్తోంది.

"అక్కా, లేయద్దు. ఇంకొంజం సేపు కూకో" అంది.

మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చున్నాను. నడుము పట్టేసింది, పాదం మొద్దుబారింది. అయినా కూర్చున్నాను. కూర్చోగలిగితే అది రాగలదు. నా మనసులో అంతే.

టికెట్టు తీశారు. పసుపు కంపెనీ, రెండో వరస, నడవ పక్క సీటు. మీ తాత ముందు గదిలో మంచం కాళ్లకు చెక్కలు కొట్టి ఎత్తు చేశాడు. కక్కూసులో పట్టుకోవడానికి కడ్డీ బిగించాడు. నేను దానికి ఇష్టమని కొర్రలు, ఉలవలు తెప్పించి పెట్టాను. దానికి నేను చెప్పదలచుకున్న సంగతులు ఒక్కొక్కటే దాచిపెట్టుకున్నాను. ఫోన్లో చెప్పకుండా, వచ్చాక చెప్దామని. ఎవరు పోయారు, ఎవరు ఎవరితో మాట్లాడుకోవడం లేదు, మా ఊళ్లో ఎవరి చేను ఎవరు కొన్నారు, అన్నీ.

ఆ రోజు విమానం లేచే వేళకు మనం అందరం హాల్లో కూర్చున్నాం. దాని కూతురు ఫోన్ చేసింది. నువ్వే ఎత్తావు. నీ మొహం చూసి నేను చెల్లెలు చచ్చిపోయిందనుకున్నాను.

చావలేదు. చక్రాల కుర్చీలో సీటు దాకా తీసుకుపోయారట. నలుగురు పట్టుకుని సీట్లోకి దించారట. కాలు దూరలేదు. ముంగాలు పోయి ముందు సీటు అంచుకు ఆనుకుని ఆగిపోయిందట. ఒక విమానం పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, మెల్లగా అటు తిప్పి ఇటు తిప్పి చూసిందట. చెల్లెలు అరిచిందట. వెనక వరసల్లో వాళ్లంతా లేచి చూశారట. విమానం లేచేటప్పుడు కాలు నడవలో చాపుకోనివ్వరు, అది వాళ్ల చట్టం, నిప్పో ఏదో వస్తే జనం పరిగెత్తాలి కదా. వాళ్లను నేను తప్పు పట్టను. ఆ పిల్ల కళ్లలో కూడా నీళ్లు తిరిగాయని కూతురే చెప్పింది. పెద్ద ఆఫీసరు వచ్చి, ఇట్లా తీసుకుపోలేమమ్మా అని నిదానంగా చెప్పాడట. విమానంలోంచి దించేశారు. విమానం కడుపులోంచి వాళ్ల పెట్టెలు వెతికి తీసేదాకా ఆగారు. దాన్ని అంతమంది ముందు ఆ కుర్చీలో వెనక్కి తోసుకుపోయారు.

ఆ తర్వాత నేను ఫోన్ చేస్తే అది తీయలేదు. కూతురు తీసి, "నిద్రపోతోంది పెద్దమ్మా" అనేది. ఎప్పుడు చేసినా నిద్రే.

మన ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి భయపడ్డాం. మీ తాత ప్యాటర్ను గదికి పోయి పసుపు సీటు ముందు నిలబడేవాడు. "రెండు వేళ్లు ఉండింది. నేను పెట్టి చూసినాను. ఎట్ల తగులుతాది?" అని తనలో తను అనుకునేవాడు. నన్ను మళ్లీ కూర్చోమన్నాడు. కూర్చున్నాను. రెండు వేళ్లు ఉంది.

కొన్నాళ్లకు ఒక ఆర్డరు వచ్చి ఆ గదిలో చోటు కావలసి వచ్చింది. సీట్లు విప్పుదామని మీ నాన్న పోయాడు. విప్పే ముందు ఏం తోచిందో, జేబులోని టేపు తీసి పసుపుదాన్ని కొలిచాడు. మళ్లీ కొలిచాడు. నేను టీ తీసుకుపోయి గుమ్మంలో ఉన్నాను. వాడు నావైపు చూసి టేపు చుట్టేశాడు. కానీ మీ తాత అప్పటికే వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఎంత ఉండాది?"

"వదిలేయండి నాయనా."

"ఎంత ఉండాదిరా?"

"ఒక అంగుళం దగ్గర దగ్గరగా ఎక్కువ ఉండాది. మీరు ఏ స్కేలు పట్టినారు?"

మీ తాత జేబులోంచి తన ఉక్కు స్కేలు తీసి చూపించాడు. అప్పుడే నాకూ తెలిసింది.

చదివేవాళ్లకు ఇది చెప్పాలి. కరిగిన లోహం చల్లారితే కొంచెం కుంచించుకుపోతుంది. అందుకని చెక్క బొమ్మను కావలసిన దానికంటే కొంచెం పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క వేసుకోకుండా, వీళ్ల స్కేలునే సాగదీసి చేస్తారు. దాని మీద అంగుళమని గీసి ఉన్నది నిజం అంగుళం కాదు, ఒక పిసరు పెద్దది. చెక్క బొమ్మనుంచి ముందు అల్యూమినియం బొమ్మ పోసి, దాంతో మళ్లీ ఇనుము పోసే పనులకు రెండింతలు సాగిన స్కేలు ఇంకొకటి. ఆయన జన్మంతా ఆ రెండింతల స్కేలే పట్టాడు. ఆయన చేతికి అదే స్కేలు, అదే అంగుళం. మన ఇంట్లో ఆయన చేసిన పీటలు, గూళ్లు, నీ ఉయ్యాల, ఏదీ ఉండవలసిన కొలతలో లేదు, అన్నీ ఒక పిసరు పెద్దవే. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు కనుక ఎవరూ కొలవలేదు.

ఆయన అక్కడే, పసుపు సీట్లోనే కూర్చుండిపోయాడు.

"ఇనుమైతే చల్లారితే కుంచుకుంటాది" అన్నాడు. "మనిషి కాలు కుంచుకుంటాదా?"

మీ నాన్న ఏదేదో చెప్పాడు, ఆ రోజు ఆమె కాలు వాచి ఉంటుంది, నిజం సీటుకు మెత్తలు ఉంటాయి, ముందు సీటు సంచిలో ఏవేవో పుస్తకాలు కుక్కి ఉంటారు అని. దాని కూతురు కూడా తర్వాత అదే చెప్పింది, విమానాశ్రయంలో అంతసేపు కుర్చీలో ఉండి కాలు ఉబ్బింది, పెదనాన్నగారి తప్పు ఏమీ లేదు అని. ఆయన ఎవరి మాటా వినలేదు.

"మళ్లీ చేస్తాను. మామూలు టేపుతో చేస్తాను" అన్నాడు. మీ నాన్న అడ్డు చెప్పలేదు. ఆర్డరు సామాను బయట వరండాలో పెట్టుకున్నాడు.

మూడూ మళ్లీ చేశాడు. ఈసారి నువ్వు టేపు పట్టుకున్నావు, ఆయన పెన్సిల్ పట్టుకున్నాడు. రంగులు వేయలేదు. నా కాలికి చెక్క కట్టారు. ఫోను పెట్టలేదు. టీ వేళకు కాకుండా, పనివాళ్లు వెళ్లిపోయిన తర్వాత కూర్చున్నాను.

పసుపుది తగిలింది. ఎక్కడ తగిలిందని చెల్లెలి కూతురు చెప్పిందో సరిగ్గా అక్కడే. ఎర్రది ముందే కాదు. నల్లది ముందే కాదు. నువ్వు ఇంకా రెండు కంపెనీలు వెతికి తెచ్చావు. ఆయన అవీ చేశాడు. అవీ తగిలాయి. ఏదీ సరిపోలేదు కన్నూ. ఆ తరగతిలో, ఏ కంపెనీలోనూ, ఆ కాలు పెట్టుకునే జాగా లేదు.

అప్పుడు నాకు ఒక్కటి తెలిసింది, అది మీ తాతకు కూడా తెలిసింది, మేం దాన్ని ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆయన సరైన స్కేలు పట్టి ఉంటే మొదటి రోజే మూడూ తగిలేవి. మొదటి రోజే కాదని తెలిసిపోయేది. చెల్లెలు తల దువ్వుకోకుండా వచ్చి నవ్వేది కాదు. టికెట్టు ఉండేది కాదు, అంతమంది ముందు అరవడం ఉండేది కాదు. దానికి రావాలన్న ఆశ మేమే చేసి ఇచ్చాం, ఒక అంగుళం పెద్దదిగా.

అది మళ్లీ ఫోన్ తీసింది, చాలా రోజుల తర్వాత. నేను జరిగింది చెప్పకూడదనుకున్నాను. మీ తాత ఫోను లాక్కుని అంతా చెప్పేశాడు, స్కేలు సంగతి, మళ్లీ చేసిన సంగతి, ఏదీ సరిపోని సంగతి. 

"మరదలా?"

"ఉండాను బావా."

"ఏమన్నా తిట్టు."

"ఏంటికి తిట్టేది? మీరు అంత కష్టపడి చేసినారు" అంది. ఆ గొంతులో కోపం ఉండి ఉంటే బాగుండేది. లేదు. పక్కింటివాళ్లతో మర్యాదకు మాట్లాడినట్టు మాట్లాడింది. "మీరు టయానికి మందులు తింటుండారా బావా?" అని అడిగింది.

ఆయన అప్పట్నించి కార్ఖానాకు పోవడం మానేశాడు. నువ్వు చూస్తూనే ఉన్నావు. ఈజీచైర్లో గోడవైపు తిరిగి పడుకుంటాడు.

నాకు అప్పుడు తోచింది, ఇంతకాలం ఎందుకు తోచలేదో, నా మోకాలు వంగుతుంది కదా అని. మామూలు సీటయినా చాలు నాకు. నేనే పోతాను. అది రాలేకపోతే నేను పోయి దాని పక్కన కూర్చుంటాను, వీసా ఎన్నాళ్లు ఇస్తే అన్నాళ్లు. నువ్వు నాకు పాస్‌పోర్టుకు ఏమేం కావాలో కూడా చూశావు. మీ నాన్న సరే అన్నాడు. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి దానికి ఫోన్ చేశాను.

"ఏం జేస్తుండావు?"

"కూకుని ఉండాను."

"తిన్నావా?"

"తిన్నాను."

"నేను ఆడికి వస్తాను. పాప టికెట్టు చూస్తుండాది. నాకు ఏ సీటైనా సరే, వెనక సీటైనా సరే. నీ పక్కన కూకుంటాను. వంకాయ నేను తరుగుతాను, నువ్వు సాగదీ."

ఫోను పెట్టేసిందేమోనని చూసుకున్నాను.

"ఏమే, వినిపిస్తుండాదా?"

"వినిపిస్తుండాది. రావద్దక్కా."

"ఏంటికి?"

"రావద్దు."

"నేను నీకు బరువా?"

"అయ్యో, అది కాదు." ఆపి ఆపి చెప్పింది. "నువ్వు రాకుండా ఉంటే, నేనే రావాల అనేది ఒకటి ఉంటాది. కాలు ఎప్పుడో ఒకప్పుడు ఒదుగుతాదిలే, ఇంకొక విమానం వస్తాదిలే అని పడుకునేటప్పుడు అనుకోవచ్చు. నువ్వు వచ్చేసినావంటే ఇంక నేను వచ్చేది లేదని అర్థం. నువ్వు తిరిగి పోయేటప్పుడు నేను నిన్ను చూసి ఎట్ల పంపించేది? అది నా వల్ల కాదు. నువ్వు ఆడే ఉండు."

"మరి నేను నిన్ను చూసేది ఎట్ల?"

"ఫోన్లో చూస్తుండావు గదా."

ఫోన్లో మాట్లాడేది మాట కాదన్న మనిషే అది. నేను గుర్తుచేయలేదు. ఏమని గుర్తుచేసేది?

పాస్‌పోర్టు పని ఆపమని నీకు చెప్పాను. నువ్వు ఎందుకవ్వా అని అడిగావు, నేను చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను. దానికి ఉన్న ఆ ఒక్కటీ నేను పోయి తీసెయ్యలేను. నేను పోకపోతే దాన్ని మళ్లీ చూడను. రెండూ తెలిసే కూర్చున్నాను. రోజూ చేస్తూనే ఉన్నాను ఫోన్. దాచిపెట్టుకున్న సంగతులు ఇంకా చెప్పలేదు, అవి ఫోన్లో చెప్పే సంగతులు కాదు. ఏం తిన్నావంటే ఏం తిన్నావంటాం. అక్కడ మంచు పడుతుందా అంటే పడుతుంది అంటుంది. ఇక్కడ ఎండ ఎట్ల ఉండాది అంటుంది. ఉండాది అంటాను. తర్వాత ఇద్దరం ఫోను పట్టుకుని ఉంటాం, ఎవరు పెట్టేస్తారా అని.